పేరు పెట్టి అడిగిన ప్రార్థన

మా ఆయన ఫిలిప్‌కు బైబిలు వాక్యాలు కంఠతా రావు. సండేస్కూల్లో నేర్పిన ఇరవై మూడో కీర్తన కూడా సగం దాకా చెప్పి ఆగిపోతాడు. కానీ హిమాలయా కప్పులో మన అమ్మాయిల జట్టు, అదే పదిహేడేళ్ళ లోపు పిల్లల జట్టు, ఏ ఏడు ఎవరి చేతిలో ఎట్లా ఓడిపోయిందో అడగండి, ఊపిరి తీసుకోకుండా చెబుతాడు. మొదటిసారి ఫైనల్లో నేపాల్ చేతిలో ఓటమి. రెండోసారి సెమీఫైనల్లోనే ఇంటిముఖం. ఆ తరవాత రెండుసార్లూ ఫైనల్‌కు వెళ్ళారు, రెండుసార్లూ బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయి వచ్చారు. "ఫైనల్‌కి పోవటం మనకి అలవాటే. కప్పు తేవటమే అలవాటు కాలేదు" అంటాడు. రైల్వే పార్సిల్ ఆఫీసులో ఆయన పక్క సీటువాళ్ళకు ఈపాటికి ఈ చరిత్రంతా నోటికి వచ్చేసి ఉంటుంది.

ఈసారి ఆ జట్టులో మా స్టెల్లా ఉంది. గోల్‌కీపర్. ఉండటమంటే ఉంది గానీ, ఆడటం లేదు.

రెండో గోల్‌కీపర్ అంటే ఏమిటో ఇంట్లో ఒకరు అయితే తప్ప తెలియదు. పరిగెత్తేవాళ్ళు అలిసిపోతారు, వాళ్ళ బదులు ఇంకొకరిని దింపుతారు. గోల్‌కీపర్ అలిసిపోదు. మొదటి పిల్లకు జ్వరమన్నా రావాలి, ఎర్ర కార్డన్నా చూపించాలి, దెబ్బన్నా తగలాలి. ఇవేవీ జరగనంత కాలం రెండో పిల్ల పచ్చ కోటు వేసుకుని బెంచీ మీద కూర్చుంటుంది. లేచి నీళ్ళ సీసాలు అందిస్తుంది, చప్పట్లు కొడుతుంది, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మా పిల్ల జట్టులోకి వెళ్ళినప్పటినుంచీ చేస్తున్న పని ఇదే.

ఈ సంగతి తెలియక మా చర్చి యూత్ కుర్రాళ్ళు భవానీపురంలో మా వీధి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. "భారత జట్టు కోటగోడ, మన స్టెల్లా" అని రాయించారు. మా అమ్మాయి గాల్లోకి దూకుతున్న ఫొటో మధ్యలో, దాని చుట్టూ అంతకంటే పెద్దవిగా శుభాకాంక్షలు తెలిపినవాళ్ళ ఫొటోలు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి వెళ్ళిన ప్రతివాళ్ళూ నన్ను అడిగేది ఒకటే మాట. "ఇవాళ ఆడిందా అమ్మా?" లేదు అని చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. నేను గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ చూస్తాను. అక్కడ మా ఓనరు దుర్గాప్రసాద్‌గారిదీ అదే వరస.

"ఏమ్మా క్రిస్టినా, మీ అమ్మాయి నిన్న టీవీలో కనపళ్ళేదే?"

"కనపడిందండీ. నీళ్ళ సీసా పట్టుకుని" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు.

ఇంతకీ మా పిల్లకు ముందున్న మొదటి గోల్‌కీపర్ పేరు సలోమి. జార్ఖండ్ పిల్ల, వాళ్ళదీ మాలాగే ప్రార్థన చేసుకునే ఇల్లే. కిందటేడు గుంటూరు దగ్గర క్యాంపు జరిగినప్పుడు సెలవు రోజున స్టెల్లా ఆమెను మా ఇంటికి తీసుకొచ్చింది. పొడుగాటి పిల్ల, తక్కువ మాట. మా అత్తయ్య దానమ్మ వండిన చేపల పులుసు మారు అడిగి మరీ తిన్నది. వెళ్ళేటప్పుడు అత్తయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమని సైగ చేసింది. అత్తయ్య చేసింది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. అప్పటినుంచీ స్టెల్లా ఫోన్ చేసినప్పుడల్లా వెనకనుంచి "దాదీ" అని, మన నానమ్మ అన్నట్టు, ఆ పిల్ల పలకరించకుండా ఉండదు.

అటువంటి పిల్ల మీద మేము చేసిన నిర్వాకం ఇప్పుడు చెప్పాలి.

మా చర్చిలో శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థన. అక్కడ ఒక పద్ధతుంది. ఊరికే అందరినీ దీవించు అంటే కుదరదు, ఏది కావాలో పేరు పెట్టి అడగాలి. జబ్బయితే జబ్బు పేరు, పరీక్షయితే సబ్జెక్టు పేరు, అడ్డుపడేది మనిషయితే మనిషి పేరు. మా ప్రార్థన గుంపులోని రుచిత పనిచేసేచోట సూపర్‌వైజరు వేధిస్తున్నాడని ఆయన పేరు పెట్టి ప్రార్థిస్తే, నెల తిరక్కుండా ఆయనకు కాకినాడ బదిలీ అయింది. అప్పటినుంచీ పేరు పెట్టడం మీద మావాళ్ళకు నమ్మకం మరీ ఎక్కువయింది.

మేము ఆ నిర్వాకం చేసిన శుక్రవారానికి కప్పులో మొదటి ఆటలన్నీ అయిపోయాయి. స్టెల్లా ఒక్క నిమిషం కూడా ఆడలేదు. అత్తయ్య చాప మీద నుంచి లేచి, "మా మనవరాలికి ఆడే అవకాశం రావాలమ్మా" అని మనవి చెప్పుకుంది.

"అడ్డేంటి దానమ్మగారూ?" అన్నది పాస్టరమ్మగారు.

"అడ్డేముందండీ. ముందు ఇంకో పిల్ల ఉంది."

"పేరు చెప్పండి. పేరు పెట్టి అడుగుదాం."

అత్తయ్య కొంగు సరిచేసుకుంది. నా వైపు చూసింది, నేను చూపు తిప్పుకున్నాను. "సలోమి" అంది.

అందరూ ఒక్కసారిగా గొంతెత్తారు. సలోమి అనే అడ్డును తొలగించు ప్రభువా, సలోమి అనే గోడను కూల్చు తండ్రీ, అని గదంతా ఆ పేరే. నేను కళ్ళు తెరిచి చూశాను. అత్తయ్య అందరికంటే ఎక్కువ ఏడుస్తోంది. చివర్లో అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను. అలవాటు కొద్దీ వచ్చేసింది.

ఇంటికి నడుస్తూ, "అత్తయ్యా, ఆ పిల్ల మనింట్లో అన్నం తిన్న పిల్ల" అన్నాను.

"పక్కకి తప్పుకోవాలన్నానే గానీ పడిపోవాలన్నానా?" అని ఆవిడ విసురుగా ముందుకు వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం కాఠ్మాండులో నేపాల్‌తో సెమీఫైనల్. షాపులో సిరప్పుల పెట్టెకు ఆనించి ఫోన్ పెట్టుకుని, ఒక కన్ను బిల్లుల మీద, ఒక కన్ను ఆట మీద పెట్టాను. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. రెండో సగంలో నేపాల్‌కు కార్నర్ వచ్చింది. బంతి లేచింది, సలోమి ఎగిరింది, అవతలి పిల్ల ఎగిరింది, ఇద్దరూ కలిసి కిందపడ్డారు. సలోమి భుజం అడుగున పడింది. అవతలి పిల్ల లేచింది. సలోమి లేవలేదు.

కెమెరా బెంచీ వైపు తిరిగింది. స్టెల్లా పచ్చ కోటు విప్పుతోంది.

నాకు ముందు కలిగింది సంతోషమే. జాలి కాదు, భయం కాదు, నికార్సయిన సంతోషం. స్ట్రెచరు తెరమీదికి వచ్చి, ఆ పిల్ల పళ్ళు బిగబట్టి ఆకాశం వైపు చూస్తూ వెళ్ళిపోవటం కనిపించాక గానీ మిగిలినవి రాలేదు. ఈలోగా దుర్గాప్రసాద్‌గారు నా వెనక నిలబడి, "అదిగో, దిగిందమ్మా మీ అమ్మాయి" అని షాపులో అందరికీ బాదంపాలు తెప్పించాడు. నేనూ తాగాను. స్టెల్లా వచ్చిన బంతినల్లా పట్టుకుంది. ఆట అయిపోయింది, మనం ఫైనల్‌కు వెళ్ళాం.

ఫోన్ మోగటం మొదలుపెట్టింది. స్త్రీల ప్రార్థన గ్రూపులో స్తోత్రం మీద స్తోత్రం. "పేరు పెట్టి అడిగాం, ఆయన జవాబిచ్చాడు" అని రుచిత పెట్టింది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఆ గ్రూపులో స్టెల్లా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

సిటీ బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి మా ఆయన హాల్లో నిలబడి, "ఐదో టోర్నీ, నాలుగో ఫైనల్" అని పక్కింటి వాళ్ళకు వివరిస్తున్నాడు. అత్తయ్య వంటింటి గడప మీద కూర్చుని ఉంది. పొద్దున నేను పెట్టి వెళ్ళిన అన్నం పెట్టినట్టే ఉంది.

"పేరు పెట్టాం క్రిస్టినా" అంది. "అందరం కలిసి పేరు పెట్టి మరీ అడిగాం."

"ఊరుకోండత్తయ్యా. ఆటన్నాక దెబ్బలు తగులుతాయి. నేపాల్ పిల్ల మీద పడింది, దెబ్బ తగిలింది. మీ ప్రార్థనకీ దానికీ ఏం సంబంధం?"

"మీ నాన్నకి గుండె ఆపరేషన్ అయినప్పుడు నా ప్రార్థన వల్లే లేచాడన్నావుగా. అది నా ప్రార్థనయితే ఇదెట్టా కాకుండా పోద్ది?"

 ఆ మాట గుర్తుచేసినందుకు ఆవిడ మీద కోపం వచ్చింది.

సాయంత్రం స్టెల్లా ఫోన్ చేసింది. సలోమికి మెడ కింది ఎముక విరిగిందట. ఆపరేషన్ లేకుండానే కట్టు కట్టారు గానీ చాలాకాలం ఆడకూడదన్నారట. దీని తరవాత జరగబోయే ఆసియా పోటీలకు ఇక ఆమె లేనట్టే. "ఇద్దరిదీ ఒకే రూమ్ అమ్మా. జడ కూడా నేనే వేస్తన్నాను. ఫైనల్ చూసి వెళ్తానని ఇంటికి పోకుండా ఉండిపోయింది. నానమ్మని తన కోసం ప్రార్థన చెయ్యమంటంది, ఇవ్వు ఒకసారి" అంది. నేను ఫోన్ చాపాను. అత్తయ్య చేతులు వెనక్కి పెట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

స్టెల్లా గొంతులో కూడా ఏదో తేడా ఉంది. మొదటిసారి దేశం తరఫున ఆడిన పిల్ల గంతులెయ్యాలి కదా. అలిసిపోయిందిలే అనుకున్నాను.

ఆ రోజునుంచీ ఇంట్లో ఎవరమూ కుదురుగా లేము. అత్తయ్య ప్రార్థనకు మోకరించేది, సగంలో లేచిపోయేది. పొయ్యి మీద కూర పెట్టి హాల్లోకి వచ్చేది, ఎందుకొచ్చిందో మరిచిపోయి మళ్ళీ వెళ్ళేది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్ళలేదు, ఇంట్లోనే పస్తు ఉంది. ఆదివారం ఫైనల్ మళ్ళీ బంగ్లాదేశ్‌తోనే. మా ఆయన వాళ్ళ పాత ఆటలన్నీ ఫోన్లో చూస్తూ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. నాకు బిల్లుల్లో తప్పులు పడుతున్నాయి. పాస్టరు నతానియేలు అయ్యగారు ఫోన్ చేసి, ఆదివారం ఆరాధనలో దానమ్మగారు దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలన్నాడు. మా ఆరాధన లైవ్‌లో వస్తుంది. చూసేవాళ్ళు ఎవరెవరో, ఎవరు ఎవరికి పంపుతారో. 

నా భయమల్లా ఒక్కటే. ఈ మాట స్టెల్లా చెవిన పడకూడదు. కనీసం ఫైనల్ అయ్యేదాకా పడకూడదు. గోల్ ముందు ఒంటరిగా నిలబడే పిల్ల. తన స్నేహితురాలి ఎముక తన ఇంటివాళ్ళ ప్రార్థనతో విరిగిందేమో అన్న అనుమానం ఒక్కటి బుర్రలో దూరిందంటే ఇక చేతులు లేస్తాయా? ఇన్నేళ్ళు ఆ పిల్ల మట్టి గ్రౌండ్లలో మోచేతులు చీరుకుని నేర్చుకున్నదంతా ఆ ఒక్క సాయంత్రంతో మట్టిలో కలిసిపోతుంది.

శనివారం మధ్యాహ్నం నేను షాపునుంచి వచ్చేసరికి అత్తయ్య ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పున్నమి ఘాట్‌కు వెళ్తే, మెట్ల మీద చెట్టు నీడన కూర్చుని కృష్ణ వైపు చూస్తోంది. పక్కన కూర్చున్నాను. బట్టలు ఉతికేవాళ్ళు, సెల్ఫీలు దిగేవాళ్ళు, ఎవరి గోల వాళ్ళది.

"ఆ పిల్లకి చెప్పాలి క్రిస్టినా."

"ఫైనల్ అయ్యాక చెప్పండి. నేనే ఫోన్ కలిపిస్తాను."

"అప్పుడు చెబితే ఏముంది? కావలసింది దక్కించుకుని, తీరిగ్గా తప్పయిందని చెప్పినట్టుంటది."

"సరే, చెబుదురు గాని. ఏ భాషలో చెబుతారు? మీకు హిందీ రాదు, తనకి తెలుగు రాదు. మధ్యలో స్టెల్లా చెప్పాలి. రేపు ఆడాల్సిన పిల్ల చేత ఈ మాట పలికిస్తారా?"

"నువ్వు చెప్పు. నీకు సీరియళ్ళు చూసి వచ్చుగా."

"నేను చెప్పను" అన్నాను. గట్టిగానే అన్నాను. మెట్ల మీద ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. "నాకు సలోమి మీద జాలి ఉంది. కానీ నా కూతురు ముందు. మీ మనసు తేలికవటానికి నా పిల్ల మీద బరువు పెట్టనివ్వను."

అత్తయ్యను లేవదీసి ఇంటికి తీసుకొచ్చాను. రేపు ఆట అయిపోయేదాకా మీ అమ్మ చేతికి ఫోన్ ఇవ్వొద్దని మా ఆయనకు చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు, బంగ్లాదేశ్ కార్నర్లు చూస్తున్నాడు.

ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక అయ్యగారు అత్తయ్యను ముందుకు పిలిచాడు. "మన మనవి ఆలకించిన దేవుని గురించి దానమ్మగారు సాక్ష్యం చెబుతారు" అన్నాడు. అత్తయ్య తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని మైకు పట్టుకుంది. నేను ముందు బెంచీ చెక్కను పట్టుకుని కూర్చున్నాను.

"సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదండీ అయ్యగారూ" అంది. "పూర్తయ్యాక చెబుతాను." మైకు ఆయన చేతిలో పెట్టి వచ్చి కూర్చుంది.

అయ్యగారు ఒక్క క్షణం తడుముకున్నాడు. తరవాత మొహం వెలిగింది. "సాయంత్రం కప్పు గెలిచాక చెబుతారట. స్తోత్రం" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా గండం గడిచిందనే అనుకున్నాను.

గడవలేదు. ఇంటికొచ్చి కోడి కూర కలుపుతుంటే హాల్లోంచి స్టెల్లా గొంతు వినిపించింది. గ్రౌండుకు బయల్దేరే ముందు నానమ్మ ప్రార్థన కోసం వీడియో కాల్ చేసింది. ప్రతి ఆటకూ చేస్తుంది, నేనే ఆ కంగారులో మరిచిపోయాను. మా ఆయన మరవలేదు, గుర్తుంచుకోవలసింది మాత్రం శుభ్రంగా మరిచిపోయి ఫోన్ తీసుకెళ్ళి తల్లి చేతిలో పెట్టాడు. నేను గరిటె పట్టుకునే పరిగెత్తాను.

"సలోమిని పక్కన కూర్చోబెట్టు" అంటోంది అత్తయ్య. "నేను చెప్పేది చెప్పినట్టు చెప్పు. ఒక్క మాట కూడా తీసెయ్యమాక."

తెర మీద ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. సలోమి చెయ్యి మెడకు కట్టిన కట్టులో ఉంది. నన్ను చూసి "ఆంటీ" అంది. ఫోన్ లాక్కోవటానికి చాపిన చెయ్యి నాకు అక్కడే ఆగిపోయింది. ఆ మొహం చూస్తూ ఎర్ర బటన్ నొక్కలేకపోయాను.

"తల్లీ, నేను నీ పేరు పెట్టి ప్రార్థన చేయించాను" అంది అత్తయ్య. "నా మనవరాలు ఆడాలని, అడ్డుగా ఉన్న నిన్ను తొలగించమని దేవుణ్ణి అడిగాను. ఆ తరవాత నీకు దెబ్బ తగిలింది. నా తప్పు. నన్ను క్షమించు."

స్టెల్లా "నానమ్మా" అంది చిన్న గొంతుతో.

"చెప్పమ్మా."

స్టెల్లా తల వంచుకుంది. అబద్ధం చెప్పు తల్లీ, దాదీ నీ కోసం ప్రార్థిస్తోందని చెప్పి ఊరుకో, అని నేను లోపల్లోపలే బతిమాలుతున్నాను. స్టెల్లా చెప్పింది. హిందీలో, ఒక్కొక్క మాటా. ఏదీ తగ్గించలేదు. అంతటితో ఆగుతుందనుకుంటే ఆగలేదు, అత్తయ్య చెప్పని మాట కూడా ఒకటి చెప్పింది. నాకు వచ్చిన హిందీ ఎంతో తెలియదు గానీ అది మాత్రం బాగా అర్థమైంది.

"బెంచీ మీద కూర్చుని నేను కూడా అడిగాను. ప్రతి ఆటలో అడిగాను."

బుధవారం రోజు దాని గొంతులో ఉన్నది అలసట కాదని నాకు అప్పుడు తెలిసింది. నేను తలుపులన్నీ మూసి బయట ఆపాననుకున్న బరువును నా కూతురు ముందే మోస్తోంది. ఒక్కతే మోస్తోంది.

సలోమి నవ్వలేదు, కోపంగానూ లేదు. కట్టులో ఉన్న చేతి వేళ్ళను చూసుకుంది. తరవాత స్టెల్లాతో ఏదో చెప్పింది. స్టెల్లా ఏడుపూ నవ్వూ కాని మొహం పెట్టి మాకు తెలుగులో చెప్పింది.

"నీ ప్రార్థన బాగా పనిచేసుద్దంట నానమ్మా. అయితే ఇప్పుడు తన ఎముక కోసం చెయ్యమంటంది. పేరు పెట్టి చెయ్యమంటంది."

అత్తయ్య తల ఊపింది. మళ్ళీ ఊపింది. బస్సు వచ్చిందని అక్కడ ఎవరో కేకేశారు. సలోమి లేస్తూ స్టెల్లా భుజం తట్టి, బంగ్లాదేశ్ పదో నంబరు పిల్ల పెనాల్టీ ఎప్పుడూ తన కుడివైపే కొడుతుందని చెప్పటం వినిపించింది. కాల్ ఆగిపోయింది.

"అయిందా మీ మనసు తేలిక?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. అత్తయ్య నా చేతిలోంచి గరిటె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి కట్టేసి, గోడవైపు తిరిగి మోకరించింది.

సాయంత్రానికి మా హాలు నిండిపోయింది. పాస్టరమ్మగారు, రుచిత, యూత్ కుర్రాళ్ళు, పక్కింటివాళ్ళు. మనవాళ్ళు ఒక గోలు వేశారు, బంగ్లాదేశ్ ఒకటి వేసింది. ఆ తరవాత బంతి అటూ ఇటూ తిరిగిందే గానీ గోలు పడలేదు. నేను కూర్చోలేక నిలబడలేక తలుపు దగ్గర తచ్చాడుతున్నాను. ఆట పెనాల్టీలకు వచ్చింది.

"దానమ్మగారిని పిలవండమ్మా. ఇప్పుడే ఆవిడ ప్రార్థన కావాల్సింది" అన్నది పాస్టరమ్మగారు.

రుచిత వంటింట్లోకి వెళ్ళి వచ్చింది. "రారంట. ఇంకో పని మీద ఉన్నానంటన్నారు."

స్టెల్లా గోల్ మధ్యలో నిలబడింది. గీత బయట సలోమి ఒక చేత్తోనే ఏవో సైగలు చేస్తోంది. పదో నంబరు పిల్ల వచ్చింది. స్టెల్లా ఆ పిల్ల కుడివైపుకే దూకింది. బంతి దాని చేతులకు తగిలి బయటికి పోయింది. హాల్లో పైకప్పు లేచిపోతుందనుకున్నాను. ఇంకోటి కూడా ఆపింది. దాని చేతులు లేవవేమో అని నేను పడిన భయమంతా పిచ్చి భయమే. కానీ అవతల మనపిల్ల కొట్టింది పోలుకు తగిలింది, ఇంకొకతె కొట్టింది గోలు మీదనుంచి పోయింది, మరొకతె కొట్టింది వాళ్ళ గోల్‌కీపర్ పట్టేసుకుంది. చివరిది బంగ్లాదేశ్ పిల్ల కొట్టి గోలు చేసింది. అయిపోయింది.

స్టెల్లా గడ్డి మీద బోర్లా పడి ఉంది.

"ఐదు టోర్నీలు, నాలుగు ఫైనళ్ళు" అని మొదలుపెట్టిన మా ఆయన సగంలో ఆగిపోయి, తువ్వాలు మొహాన వేసుకున్నాడు. ఒక్కొక్కరే లేచారు. దేవుని చిత్తం అన్నది పాస్టరమ్మగారు. "దానమ్మగారు వచ్చి కూర్చుని ఉంటే గెలిచేవాళ్ళం" అని రుచిత గొణిగింది. నాకు ఒళ్ళు మండింది. నిజానికి ఓడిపోతే ఆ మాట నేనే అందామనుకుని ఉన్నాను.

తెర మీద ఇంకా గ్రౌండు కనిపిస్తోంది. కట్టు కట్టిన చేత్తో సలోమి తడబడుతూ నడిచి వచ్చి, స్టెల్లా పక్కన గడ్డి మీద కూలబడింది. రెండో చెయ్యి మా పిల్ల వీపు మీద వేసింది. స్టెల్లా లేచి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది.

నేను వంటింట్లోకి వెళ్ళాను. అత్తయ్య మధ్యాహ్నం మోకరించిన చోటే ఉంది. ఇంతసేపూ కదిలినట్టు లేదు.

"ఓడిపోయామత్తయ్యా" అన్నాను. "స్టెల్లా బాగా ఆడింది."

ఆవిడ కళ్ళు తెరిచింది. "సలోమి కనపడిందా?"

"కనపడింది. స్టెల్లాని దగ్గరికి తీసుకుంది. ఒక చేత్తో."

"రెండో చెయ్యి?"

"కట్టులోనే ఉంది."

"అయితే ఇంకా పూర్తి కాలేదు" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. సలోమి, అని మొదటినుంచి మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గరికి వేసి వచ్చి పక్కన మోకరించాను.